మెడ సాచిన మనిషి

“అడక్కుండా ఫోటో తీశావని ఎవరైనా చెయ్యి చేసుకుంటే? కెమెరా లాక్కుపోతే? వెనక్కి నడుస్తూ నడుస్తూ ఏ బండి కిందో పడితే?”

గుమ్మంలో చెప్పులేసుకుంటున్న మా అమ్మాయిని వరసపెట్టి అడిగేశాను. ఫోటోగ్రఫీ నేర్చుకుంటోంది. వీధిలో మనుషుల్ని వాళ్లకి తెలియకుండా తీయడమట, అదో చదువట.

“అన్ని భయాలూ ఇవాళే ఖర్చుపెట్టకమ్మా, రేపటికి కాసిని ఉంచుకో” అని నవ్వేసి వెళ్లిపోయింది.

సాయంత్రం క్షేమంగానే తిరిగొచ్చింది. “మా క్లాసు గోడ మీద పెట్టడానికి నా ఫోటో ఎంచుకున్నారు” అంటూ కవరులోంచి తీసి, నేను కూర తరుగుతున్న బల్ల మీద పెట్టింది.

చేతులు తుడుచుకుని చూశాను. రోడ్డు దాటే చోట ఒకావిడ. రెండు చేతుల్లోనూ సంచులు, చంకలో గొడుగు. జనంలో ముందెవరినో వెతుక్కుంటూ మునివేళ్ల మీద లేచి మెడ సాచింది. అది మా అమ్మ. పోయి ఇన్నేళ్లయిన మా అమ్మ ఈ వీధిలోకి ఎలా వచ్చింది?

నా చిన్నప్పుడు నాన్న ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచేవాడు. సంచులతో, చంకలో తమ్ముడితో అమ్మ వెనక. పట్టుకోవడానికి ఆమెకి ఖాళీ వేలైనా ఉండదు గనక నేను సంచి పిడి పట్టుకునేదాన్ని. “నాన్న కనిపిస్తున్నారా? చూడవే, కనిపిస్తున్నారా?” అని అడుగుతూనే ఉండేది. ఒకసారి సంచి తెగి ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లాయి. ఏరుకుని తలెత్తేసరికి నాన్న లేడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం మూసిన కొట్టు మెట్టు మీద కూర్చుని, “ఉండవే, ఎంత దూరం పోతారో చూద్దాం” అంది. ఆమె నోట అలాంటి మాట అదే మొదలు, అదే ఆఖరు. చీకటి పడుతుండగా వచ్చాడు నాన్న. ఇంటిదాకా వెళ్లిపోయాడట. మేము లేమని కాదు, తాళంచెవి అమ్మ దగ్గరుండిపోయిందని వచ్చాడు. “నువ్విక్కడ కూర్చుంటే తలుపెవరు తీస్తారు?” అన్నాడు. అమ్మ గబగబా లేచింది. ఆ తర్వాత నడక ఇంకాస్త పెంచుకుంది, అంతే. దేనికైనా బెంబేలు పడటం నాకు అంటుకున్నది ఆ మెట్టు మీదే అనుకుంటాను.

“ఎవరే ఈవిడ?” అన్నాను.

అమ్మాయి నా వంక అదోలా చూసింది. “నువ్వేనమ్మా. పోయిన వారం మీరిద్దరూ బజారుకెళ్లినప్పుడు నేను రోడ్డుకి అవతలున్నా. అదిగో, ఆ మూల నాన్న వీపు.”

మావారు చదువుతున్న పేపరు పక్కన పెట్టి లేచొచ్చి చూశారు. “నా వీపుని గోడకెక్కిస్తావా? కన్నతండ్రిని విలన్ని చేస్తావా? చూసినవాళ్లేమనుకుంటారు? తీసెయ్.”

“ఫోటోలో ఉన్నది అమ్మ కదా, అమ్మనే చెప్పనీ. ఉంచనా, తీసెయ్యనా అమ్మా?”

ఉంచమంటే ఏమవుతుందో అంతా ఒక్కసారే కళ్ల ముందు తిరిగింది. వారంపాటు మూతి ముడుపు, కంచం ముందు విసుర్లు, మా అత్తగారికి ఫోను, “పెంపకమంతా నీదేగా” అని ఆవిడ దెప్పు. ఫోటోలో నా వేళ్లకేసి చూశాను. సంచి పిడులు కోసుకుపోతున్నాయి.

“ఆ రోజు నేను వెనకబడ్డానని మీకెప్పుడు తెలిసిందండీ?” అని అడిగాను ఆయన్ని.

“తెలిసేదేముంది? తాళంచెవి నీ దగ్గరే ఉందిగా. ఎక్కడికి పోతావ్?” అని నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. చెడ్డతనమైనా ఉంటే బాగుండేది.

ఆయన వెళ్లి పేపరు అందుకున్నారు. తరిగిన ముక్కలు బల్ల మీదే వాడుతున్నాయి. అమ్మాయి మాత్రం కవరు పట్టుకుని నిలబడే ఉంది.

నేను లేచి చేతిసంచి తెరిచాను. తాళంచెవి తీసి ఆయన పేపరు మీద పెట్టాను.

“ఉంచు తల్లీ” అన్నాను. “చూడ్డానికి నేనూ వస్తాను. చేతిలో ఏ సంచీ లేకుండా.”