వాసనల అర

ఆరో మునక అయింది. గాజు గొట్టాన్ని మూతి దగ్గర పట్టుకుని నీళ్ళు వంపేసి, కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడాయన. మురికి గాజు మీద నీళ్ళు చుక్కలు కడతాయి, శుభ్రమైన గాజు మీద పల్చటి పొరలా జారిపోతాయి. ఇది జారింది. గోడకి అంటించిన కాగితంలో ఐదుసార్లు కడిగితే చాలని రాసి ఉంది. అయినా ఏడోసారి ముంచాడు.

ఈ ఏడో మునక వల్లే ఆయన అసలు పేరు ఆ భవనంలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. గేటు కాపలా మనిషి దగ్గర్నుంచి డాక్టరమ్మ దాకా అందరికీ ఆయన ఏడుమునకలే. మనిషి పొడుగు, తొట్టి పొట్టి. ఇరవై ఆరేళ్ళు దాని మీదికి వంగీ వంగీ వీపు కొడవలిలా అయింది. వేళ్ళ కొసలు ఎప్పుడూ నాని, తెల్లగా ముడతలు పడి ఉండేవి. "నీ చేతులు నీకంటే పదేళ్ళు పెద్దవయ్యా" అనేది ఇంట్లో ఆవిడ.

ఈ గొట్టాలన్నీ వీధికి అవతల ఉన్న పురుళ్ళ ఆసుపత్రికి వెళతాయి. బిడ్డ బయటపడి బొడ్డు కోశాక, మిగిలిన పేగులోంచి కాస్త రక్తం తీసి గొట్టంలో పట్టి, మంచుపెట్టెలో తిరిగి పంపుతారు. అందులో డాక్టరమ్మ ఫ్యాక్టరీ సరుకు వెతుకుతుంది. పురుగుమందులు, ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనాలు, గిన్నెలకి ఏదీ అంటుకోకుండా పూసే పూతలు, యంత్రాల నూనెలు. చేరిన కొత్తలో ఆయనకి నవ్వొచ్చింది.

"పుట్టీ పుట్టని పసిగుడ్డు రక్తంలో ఫ్యాక్టరీ సరుకెలా వస్తుందమ్మా? వాళ్ళేమన్నా డ్యూటీకెళ్ళారా?"

"తల్లి ఎక్కడికెళితే వాళ్ళూ అక్కడికెళ్ళారుగా," అంది డాక్టరమ్మ. ఆవిడ నవ్వలేదు.

ప్రతి పది గొట్టాలకీ ఒకటి ఉత్త నీళ్ళతో పంపాలి. అదీ మిగతావాటితో పాటే ఆసుపత్రికెళ్ళి, అక్కడ మూత తీయించుకుని, మళ్ళీ వెనక్కి రావాలి. అది శుభ్రంగా తేలితేనే మిగతావాటిలో దొరికింది బిడ్డ రక్తంలోది, గొట్టంలోది కాదని నమ్మకం. ఆ నీళ్ళ గొట్టం పూచీ ఆయనది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మాట పడలేదు.

అందుకే ఆ గదిలోకి ఏ వాసనా రాకూడదు. సెంట్లు, పౌడర్లు, చేతికి రాసుకునే క్రీములు, తలనూనె సీసాలు, ఏవైనా సరే, గుమ్మం బయట గోడకి కొట్టిన చెక్క అరలో పెట్టి లోపలికి రావాలి. దానికి వాసనల అర అని పేరు. మనిషికో గడి. అందరి గడులూ కిక్కిరిసి ఉండేవి గానీ ఆయనది ఇన్నేళ్ళూ ఖాళీ. వాసన లేని సబ్బుతో స్నానం, నూనె తగలని పొడి తల. "పక్కన పడుకున్నావో లేదో చీకట్లో తడిమి చూసుకోవాల్సొస్తోంది. మా గొప్ప మొగుడు దొరికాడు నాకు!" అని ఇల్లాలు వేళాకోళం చేసేది.

ఇవాళ ఉద్యోగంలో చివరి రోజు. ఆ గడిలో మొట్టమొదటిసారి ఒక వస్తువు కూర్చుంది. అరచేతిలో ఇమిడే గుండ్రటి రేకు డబ్బా. మూత మీది నీలం రంగు సగం ఊడిపోయింది.

పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే ఇల్లాలే తెచ్చి చేతిలో పెట్టింది. ట్రంకుపెట్టె అడుగున ఆ డబ్బా ఉందని ఆయనకి తెలుసు. చేతిలోకి తీసుకోవడం మాత్రం అదే మొదలు.

"ఇన్నేళ్ళు అక్కడ పనిచేశావు. నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఇవాళ అడుగు," అంది.

"ఏమని?"

"ఏమనేంటయ్యా? ఎందుకు పోయిందో అడుగు. కుర్చీ వల్లేనా అని అడుగు."

డబ్బాలో ఉన్నది వాళ్ళ బిడ్డ బొడ్డు ముక్క. ఎనిమిదో రోజున రాలింది. పదకొండో రోజున, పాలు తాగి నిద్రపోయిన బిడ్డ మళ్ళీ లేవలేదు. ఆడపిల్ల. ఏం పేరు పెట్టాలో మొగుడూ పెళ్ళాలు అప్పటికింకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఉంటే ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళది. వీధి అవతలి ఆసుపత్రి మెట్ల మీంచి ఎవరైనా బిడ్డని పొత్తిళ్ళలో చుట్టుకుని దిగుతుంటే, ఆయన చేతిలో గొట్టం చేతిలోనే ఉండిపోయేది. ముందు బిడ్డనీ, తర్వాత తల్లినీ చూసేవాడు. ఇద్దరిలో ఎవరిలో తన కూతుర్ని వెతుక్కోవాలో ఈ మధ్య ఆయనకే తేలడం లేదు.

ఇక కుర్చీ సంగతి. ఏడో నెలలో పై గూట్లో దుమ్ము దులపడానికి ఆవిడ కుర్చీ ఎక్కింది. ఎక్కింది, దులిపింది, దిగింది. పడనైనా పడలేదు. బిడ్డ పోయిననాడు మాత్రం అత్తగారు "కడుపుతో ఉన్నది కుదురుగా ఉండక కుర్చీలెక్కితే ఇంతే" అంది. ఆ అన్నావిడ పోయి కూడా ఇరవై ఏళ్ళయింది, మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అప్పట్నుంచి ఆవిడ కుర్చీ ఎక్కలేదు. కుర్చీ దాకా ఎందుకు, ముక్కాలిపీట కూడా ఎక్కలేదు. బల్బు మార్చాలన్నా, పై గూట్లోంచి గిన్నె తీయాలన్నా ఆయన రావాల్సిందే. "మొగుడి చేత పని చేయించుకోడానికి మంచి ఉపాయం కనిపెట్టావే!" అని చుట్టాలు నవ్వేవాళ్ళు. ఆవిడా వాళ్ళతో పాటు నవ్వేసేది.

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు, ఉండబట్టలేక మూత కొద్దిగా లేపాడు. వాసన గుప్పుమంది. కలరా ఉండలు! పురుగు పట్టకూడదని ఆవిడ ఏడాదికి రెండుసార్లు కొత్తవి వేస్తూ వచ్చింది. మూత అరనిమిషం ఎక్కువసేపు తెరిచి ఉంటేనే గొట్టం పనికిరాదని పక్కన పడేసే చోటికి, ముప్ఫై నాలుగేళ్ళు కలరా ఉండల మధ్య ఉన్న ముక్కని తీసుకెళుతున్నాడు. పిచ్చిది, ప్రాణంలా కాపాడుకున్నాననుకుంది.

ఆయనకి ఇంకో సంగతి కూడా తెలుసు. తెలిసి ఇరవై రెండేళ్ళయింది.

ఈ ఉద్యోగానికి ముందు ఆయన ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో నూనె నింపే పని చేసేవాడు. పీపాలోంచి పడుతుంటే చిందేది. సాయంత్రానికి చొక్కా, ప్యాంటూ తడిసి ముద్దయ్యేవి. ఆ బట్టలు ఇంటికి తెస్తే, నిండు నెలల మనిషి స్నానాలగదిలో కూర్చుని రెండు చేతులా రుద్ది రుద్ది ఉతికేది. "ఇంత నూనె తెస్తావు, గరిటెడు కూరలోకి పనికొచ్చేదైనా కాదు కదా!" అని నవ్వేది. చాలా ఏళ్ళ తర్వాత, ఇక్కడ చేరిన నాలుగో ఏట, డాక్టరమ్మ ఒక కాగితమిచ్చి అందులోని రసాయనాల పేర్లు చీటీల మీద రాయమంది. మూడో పేరు దగ్గర ఆయన కలం ఆగిపోయింది. అవే అక్షరాలు ఆ పీపాల మీద తెల్లరంగుతో అచ్చుకొట్టి ఉండేవి.

"ఇదెక్కడిదమ్మా?"

"పాత ట్రాన్స్‌ఫార్మర్లలో పోసేవాళ్ళు. ఇప్పుడు మానేశారులెండి. పనివాళ్ళ బట్టల వెంట ఇళ్ళకి కూడా చేరేది."

ఆవేళ గొట్టాలు కడుగుతూ ఐదు దగ్గర ఆపలేకపోయాడు. ఆరయింది, ఏడయింది. ఇంటికెళ్ళి చెప్పేద్దామనుకున్నాడు. వెళ్ళేసరికి బల్బు మాడిపోయి, ఆవిడ దానికింద కుర్చీ జరిపి ఎదురుచూస్తోంది. కుర్చీ ఎక్కి బల్బు మార్చి దిగి, చెప్పకుండానే అన్నానికి కూర్చున్నాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు తేలు కుట్టిన దొంగలా గడిపాడు. తనది బయటపడకుండా ఉండటానికి ఆ కుర్చీ నిందని ఆవిడ మీదే ఉండనిచ్చాడు. అది తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం పుట్టేది.

మధ్యాహ్నం డాక్టరమ్మ గుమ్మం బయటికొచ్చింది. ఆయన డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. సంగతంతా చెప్పాడు, నూనె బట్టలతో సహా. ఆవిడ ముక్కుకి వాసన తగలగానే మొహం మారింది.

"దీన్ని పరీక్ష చేయలేనండీ. ఏదైనా దొరికినా అది పాపదో, ఈ ఉండలదో, డబ్బా రంగుదో చెప్పలేను."

"తెలుసమ్మా. వాసన చూడగానే తెలిసింది. అయినా అడగమంది కదా అని…"

"ఇంకో మాట కూడా వినండి. మనం చూసినవి నాలుగు వేల పైచిలుకు గొట్టాలు. ఏదో ఒకటి లేని బిడ్డ ఒక్కరు కూడా లేరు. వాళ్ళలో దాదాపు అందరూ బతికే ఉన్నారు. కాబట్టి పాపకి మీ బట్టల వల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఇన్నేళ్ళలో శుభ్రంగా వచ్చినవి మీ నీళ్ళ గొట్టాలు మాత్రమే."

ఆయన తల ఊపాడు. ఒక్క బిడ్డ అయినా తన నీళ్ళంత శుభ్రంగా వస్తుందేమోనని ఇన్నేళ్ళూ లోలోపల ఎదురుచూశాడు. కనీసం ఒక్కరు.

"మరి కుర్చీ, అమ్మా? ఏడో నెలలో కుర్చీ ఎక్కి దిగింది."

"కుర్చీ ఎక్కి దిగితే, నెలలు నిండి పుట్టి పాలు తాగిన బిడ్డ పదకొండో రోజున పోదండీ. అది మాత్రం ఎవరడిగినా చెబుతాను."

ఆయన కళ్ళు తుడుచుకుని, ఒక గొట్టం తీసుకోవచ్చా అని అడిగాడు. పొద్దున తను కడిగిందే. డాక్టరమ్మ తెచ్చి ఇచ్చింది. ఆ చెక్క అర ముందే నిలబడి, చిన్న పట్టకారుతో బొడ్డు ముక్కని తీశాడు. ఎండిన తొడిమలా నల్లగా, తేలిగ్గా ఉంది. గొట్టంలో వేసి మూత బిగించాడు. ముక్కని గొట్టం అంచుకి ఎక్కడా తగలనివ్వలేదు.

సాయంత్రం టీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఒక సబ్బుల పెట్టె చేతిలో పెట్టారు. మంచి వాసన వచ్చే సబ్బులు. "రేపట్నుంచి మీకు ఏ వాసన వచ్చినా మాకు ఫరవాలేదు!" అన్నారెవరో. అందరితో పాటు ఆయనా నవ్వాడు. గేటు దగ్గర కాపలా మనిషి సలాం కొట్టి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మీరేమో తొక్కకుండానే జీవితమంతా కడిగారు," అన్నాడు. తొక్కానురా నాయనా, అనుకున్నాడాయన మనసులో. బస్సెక్కి సగం దూరం వెళ్ళాక డబ్బా గుర్తొచ్చింది. దిగలేదు.

ఆవిడ గుమ్మంలోనే ఉంది. సబ్బుల పెట్టె వైపు చూడనైనా చూడలేదు.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నారు?"

గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. "ఇందులో ఏముందో తేల్చలేరట. కలరా ఉండలు కలిసిపోయాయట."

ఆవిడ మెల్లిగా కూర్చుంది. "అంటే ఇదీ నేనే పాడుచేశానన్నమాట," అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. అలవాటైన మాట అన్నట్టే అంది.

అది విన్నాక ఆయన ఇంక ఆగలేకపోయాడు.

"నువ్వు ఏదీ పాడుచెయ్యలేదు. కుర్చీ వల్ల కాదు, డాక్టరమ్మ ఖాయంగా చెప్పింది. నా బట్టలే, నువ్వు ఉతికినవి. ఆ నూనె మంచిది కాదు. బిడ్డల దాకా వెళుతుంది. దానివల్లే పోయిందని ఆవిడ కూడా చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కానీ ఆ నూనె సంగతి నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. నీకు చెప్పలేదు."

"ఇరవై రెండేళ్ళా?"

"ఊఁ."

ఆవిడ లేచి వచ్చి ఆయన భుజం మీద పిడికిలితో కొట్టింది. మళ్ళీ కొట్టింది. "ఒక్క మాట! ఒక్క మాట చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు? బల్బు మార్చిన ప్రతిసారీ నా మొహం చూశావు కదయ్యా!" అంటూ ఆ భుజం మీదే తల ఆన్చి ఏడ్చింది. బిడ్డ పోయిననాడు కూడా, అత్తగారికి భయపడి, అంత గట్టిగా ఏడవలేదు. ఆయన కూడా ఏడ్చాడు. కాసేపటికి ఆవిడ ముక్కు చీదుకుని, "ఉతకొద్దని నువ్వనలేదు, ఉతకనని నేననలేదు. మనకేం తెలుసు?" అంది. గొట్టాన్ని బల్ల మీంచి చేతిలోకి తీసుకుని, "నిన్ను మాత్రం ఇప్పుడే క్షమించను," అంది.

"వద్దులే," అన్నాడు.

ఆవిడ కుర్చీని గోడ దగ్గరికి ఈడ్చింది. ఆయన కంగారుగా లేచి దాని వెనక పట్టె పట్టుకోబోయాడు.

"పట్టుకోకు. తప్పుకో."

ఒక కాలు పెట్టింది. ఆగింది. రెండోది పెట్టింది. నిలదొక్కుకుని గొట్టాన్ని పై గూట్లో పెట్టి, చాలాసేపు కిందికి దిగలేదు. అరచేత్తో గూడంతా తుడిచి, "ఇన్నేళ్ళూ ఎక్కావు కదా, ఇంత దుమ్మా ఉంచేది?" అంది.

అక్కడ, గొట్టాలు కడిగే గదిలో దీపాలు ఆర్పేసి, గుమ్మం బయటి వాసనల అరలో ఎవరి గడులు వాళ్ళు ఖాళీ చేసుకుని వెళ్ళిపోయారు. ఇరవై ఆరేళ్ళు ఉత్తగా ఉన్న గడిలో మాత్రం నీలం రంగు ఊడిన రేకు డబ్బా ఉంది. మూత పక్కన పడి ఉంది, లోపల రెండు కలరా ఉండలు కొంచెం కొంచెంగా గాలిలో కలిసిపోతున్నాయి.