పొట్ట పీల్చిన కొలతలు

టైలరు భార్య పోయి పదకొండు నెలలు. కొలతలు తీసి కుట్టేది అతను, బట్ట కత్తిరించేది ఆవిడ. ఆవిడ లేకపోయేసరికి చొక్కాలన్నీ బిగుతైపోయి సగం గిరాకీ ఎదురుగా ఉన్న టైలరు కొట్టుకు నడిచింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఫోనులో పాఠాలు చూసి, ఎవరి సాయమూ లేకుండా అతను ప్రోగ్రామింగు నేర్చుకున్నాడు. కొలతలు కొడితే ఎక్కడ ఎంత కత్తిరించాలో కంప్యూటరే చెప్పాలి. చెప్పింది. పాత కొలతల పుస్తకంలోంచి పోస్ట్‌మాన్ పేజీ తీసి, చెప్పినట్టే చొక్కా కుట్టి తొడిగాడు.

బొత్తాలు పట్టలేదు.

"నీ కంప్యూటరు నన్ను ఊపిరి తీసుకోవద్దంటోందా, మాస్టారూ?" అన్నాడు పోస్ట్‌మాన్.

శనివారానికి పన్నెండు మంది బస్సు డ్రైవర్లకు చొక్కాలు ఇవ్వాలి. అవీ చెడితే షట్టరు దించడమే.

ప్రోగ్రాములు రాసేవాళ్ల గ్రూపులో ప్రశ్న పెట్టాడు. ఒకడు "బేసిక్స్ చదువుకో అంకుల్" అన్నాడు. ఇంకొకడు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఇక మిగిలింది మరదలు. కంప్యూటరు సెంటరులో పాఠాలు చెబుతుంది. అక్క పోయిన వారానికే "కత్తెర మా అక్కది. నీది టేపూ, నోరూ" అన్న మనిషి. అప్పటి నుంచి మాటల్లేవు. పుస్తకమూ లాప్‌టాపూ చంకన పెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

ఆమె కోడ్ అంతా చదివింది.

"ఇందులో తప్పు లేదు బావా."

"మరి చొక్కా?"

"ఆ పుస్తకం ఇటివ్వు." పోస్ట్‌మాన్ ఛాతీ కొలత పక్కన రెండు సిరా చుక్కలున్నాయి. "ఇవి ప్రోగ్రాములో ఎక్కడ?"

"అవి కొలతలా? మీ అక్క కలం కారేది."

"నీ మొహం. టేపు చూడగానే మగాళ్లందరూ పొట్ట లోపలికి పీల్చుకుంటారు. నువ్వు అదే నిజమనుకుని రాస్తావు. అక్క కొట్లో తెర వెనక కూర్చుని, వాళ్లు ఊపిరి వదిలాక చూసి చుక్కకో అంగుళం కలిపేది."

"నాతో ఒక్కసారీ అనలేదే."

"నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. కలం మార్చుకోవే అని ముప్ఫై ఏళ్లు తిట్టాడు. మూడు కొత్త కలాలు కొనిచ్చాడు కూడా.

అక్కడే కూర్చుని ప్రోగ్రాములో ఒక ప్రశ్న చేర్చాడు: చుక్కలెన్ని?

"రేపు డ్రైవర్లు కొలతలకొస్తారు. వాళ్లకి చుక్కలెవరు పెట్టాలి?" అన్నాడు.

"నువ్వే పెట్టు."

"నేను టేపు తీసేసరికే పీల్చేసుంటారు." కాసేపు లాప్‌టాప్ మూత గోకాడు. "తెర వెనక స్టూలు ఖాళీగానే ఉంది."

"నోరు మూసుకుని కొలుస్తానంటే వస్తా."

మర్నాడు నోరు మూసుకునే కొలిచాడు. ఒక్కొక్క డ్రైవరుకూ తెర వెనక నుంచి గొంతు వినిపించింది. "రెండు." "ఒకటి." "మూడున్నర."

"లోపల ఎవరు?" అన్నాడు మూడున్నర.

"ప్రోగ్రాము," అన్నాడు టైలరు.

శనివారం పన్నెండు చొక్కాలకూ బొత్తాలు పట్టాయి. డ్రైవర్లు వెళ్లాక, తనకూ ఒకటి కుట్టుకుందామని టైలరు నిటారుగా నిలబడి కొలుచుకుని, అంకెలు కొట్టాడు. చుక్కలెన్ని అని అడిగింది కంప్యూటరు. సున్నా కొట్టాడు.

"నాలుగు," అంది తెర వెనక నుంచి గొంతు.