ముక్కు మీద ఊదా గీతలు

ఒంట్లో ఏ రోగమూ లేకుండా ముక్కు కోయించుకోవడానికి విమానమెక్కి పరాయి దేశం పోతారని కండక్టరమ్మ అంతవరకు వినలేదు. విని ముక్కున వేలేసుకుంది. ఆ వేలు తీసేలోగా ఆమె టికెట్టు కూడా వచ్చేసింది. తోడు లేనిదే ఆ క్లినిక్కువాళ్లు మత్తు ఇవ్వరట. తోడొచ్చినవాళ్లు సంతకం పెడితేనే కత్తి పడతారట. నువ్వు కాక నాకెవరున్నారని చెల్లెలు చిట్టి ఫోనులో ముక్కు చీదింది. ఆ చీదే ముక్కు కోసమే ఈ గోలంతా అని తెలిసి కూడా అక్క సెలవు పెట్టింది. తోబుట్టువంటే అంతే, తిట్టుకుంటూ వెంట నడవడమే.

సిటీ బస్సులో టికెట్లు కొట్టే మనిషి ఆమె. పాసు మీది ఫోటో చూడటం, పాసు చూపించిన మొహం చూడటం, రెండూ ఒకటో కాదో తేల్చడం, తేడా వస్తే దింపెయ్యడం. తల నెరిసేదాకా అదే పని. చిట్టిది కళ్లజోళ్ల షాపులో కొలువు. వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేము నిలబెట్టి, చెవుల వెనక కాడలు వంచి, అద్దం చూపించాలి. ఆ అద్దంలో ఎప్పుడూ రెండు మొహాలు పడతాయి. ఒకటి కొనేవాళ్లది, ఇంకొకటి పక్కన వంగి నిలబడ్డ చిట్టిది. పొద్దస్తమానం పరాయి ముక్కుల పక్కన సొంత ముక్కును చూసుకుంటే ఎవరికైనా పిచ్చెక్కుతుంది. పైగా ఆ షాపులో ఒక దిక్కుమాలిన అలవాటుంది. జోడు జారితే ఫ్రేముది తప్పని ఎవరూ అనరు. మీ ముక్కు అలాంటిదండీ అంటారు. జారే జోళ్లు చేసి అమ్మినవాడు హాయిగా ఉంటాడు, ముక్కున్నవాళ్లు సిగ్గుతో చస్తారు. ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ చిట్టి తానే నమ్మేసింది.

చిట్టి మొగుడు ఆమె వంక చూడటం మానేశాడు. తిట్టడు, కొట్టడు, తాగడు. చూడడు, అంతే. గోడకు తగిలించిన క్యాలెండరుకు ఉన్నపాటి విలువ కూడా లేదు, దాన్ని కనీసం నెలకోసారి తిప్పి చూస్తాడు. చిట్టి షాపు లెక్కే వేసింది. చూపు జారిపోతోందంటే తప్పు ముక్కుదే. అక్కాచెల్లెళ్లం సరదాగా ఊళ్లు చూసొస్తామని ఇంట్లో చెప్పింది. వాపు తగ్గాక కొత్త ముక్కుతో గుమ్మంలో నిలబడితే ఆయన నోరు తెరవాలి. అదీ పథకం. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

కండక్టరమ్మ కడుపుమంటకు ఇంకో కారణం ఉంది. ఆ ముక్కు ఇద్దరిదీ. నాన్న నుంచి ఇద్దరికీ ఒకే అచ్చులో పోసినట్టు దిగింది, మధ్యలో చిన్న గూనితో, చివర వంపుతో. చిట్టి దాన్ని దరిద్రపు ముక్కు అన్నప్పుడల్లా అక్క చెయ్యి తన ముక్కు మీదికి పోయేది. మరి నాదో అని ఒకసారి అడిగేసింది. నీకు బాగుంటుందిలే అక్కా అంది చిట్టి. ఒకే తానులో చింపిన రెండు ముక్కల్లో ఒకటి బాగుండి ఇంకొకటి బాగోకపోవడం ఆమె ఎక్కడా చూడలేదు.

క్లినిక్కు హోటల్లా ఉంది. కూచుంటే అద్దం, లేస్తే అద్దం. డాక్టరు వచ్చాడు, వెనక మన భాష తెలిసిన దుబాసీ అమ్మాయి వచ్చింది. ఆయన వచ్చీ రాగానే కండక్టరమ్మ ఎదురుగా కూచుని, రెండు వేళ్లతో ఆమె గడ్డం ఎత్తి, వెలుతురుకు తిప్పి ఏదో చెప్పుకుపోయాడు. ముక్కు తేలికేనట, గడ్డం కింద కండ కూడా తీసేస్తే బాగుంటుందట, రెప్పలు వాలిపోయాయట. దుబాసీ అమ్మాయి ఒక్కొక్కటీ నవ్వుతూ అప్పజెప్పింది. కోయించుకునేది నేను కాదు, అది అని కండక్టరమ్మ చెల్లెలి వైపు వేలు చూపించింది. డాక్టరు సిగ్గు కూడా పడలేదు. ఇద్దరూ ఒకేసారి చేయించుకోవచ్చుగా అన్నాడు. చెప్పులు కొనబోతే టోపీ కూడా అంటగట్టే రకం.

అసలు ఒళ్లు మండాల్సింది ఆ తర్వాత జరిగినదానికి. ఆ రోజంతా ఆమె లిఫ్టు అద్దంలో, కిటికీ గాజులో గడ్డం కింద కండ చూసుకుంటూనే ఉంది. ఇన్నేళ్లూ లేని కండ, డాక్టరు నోట్లోంచి ఊడిపడ్డ కండ. రెండు వేళ్లు, నాలుగు మాటలు. అంతే, ఒక మనిషికి రోగం అంటించేశారు. ఇలాంటివాళ్లను మెడపట్టి బస్సు దింపాలి.

మధ్యాహ్నం చిట్టిని స్కానింగుకు తీసుకెళ్లారు. పోతూ పోతూ కళ్లజోడు, చెవి దుద్దులు, శాలువా, ఫోను అక్క ఒళ్లో పడేసింది. ఆయన ఫోను చేసే వేళ, ఎత్తకపోతే వంద ప్రశ్నలడుగుతారు, స్నానానికి వెళ్లానని చెప్పమంది. ఏసీ చలికి కండక్టరమ్మ శాలువా కప్పుకుంది. ఫోను మోగితే ఏది నొక్కాలో కనపడక చెల్లెలి జోడు పెట్టుకుంది. నొక్కగానే మరిది మొహం తెర మీద పడింది.

చిట్టి స్నానానికి వెళ్లిందని చెప్పబోయింది. ఆయన సందివ్వలేదు. తిన్నావా అన్నాడు, జవాబు వినకుండానే నీళ్ల మోటరు ఆగిపోయిందన్నాడు. ఇస్త్రీ చొక్కాలు ఏ అరలో ఉన్నాయన్నాడు. కళ్లు ఫోను వైపే ఉన్నాయి. ఇప్పుడంటాడు వదినా అని, ఇప్పుడంటాడు అని ఆమె చూసింది. నెరిసిన జుట్టు, ఎండకు కమిలిన మొహం, ఎనిమిదేళ్ల పెద్దరికం అన్నీ ఎదురుగా పెట్టుకుని కూచుంది. ఆయన ఆవలించాడు. ఆమె ఊ అంది, మళ్లీ ఊ అంది.

"సరే ఉంటా. మీ అక్కని అడిగానని చెప్పు" అని పెట్టేశాడు.

చిట్టి తిరిగొచ్చి ఆయనేమన్నారని అడిగితే, నన్ను అడిగానన్నాడని చెప్పి ఊరుకుంది. ఊరుకుందే గానీ మాట గొంతులో ముల్లులా కూచుంది. పాసు మీది నలుపు తెలుపు ఫోటో చూసి ముక్కూ మొహం తెలియని పిల్లల్ని పోల్చుకునేది తను. కట్టుకున్నవాడు పెళ్లాన్ని పోల్చుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున డాక్టరు చిట్టి మొహం మీద ఊదా రంగు కలంతో గీతలు గీశాడు. ముక్కుకు నిలువునా ఒకటి, రెక్కల చుట్టూ వంపులు, నుదుటిదాకా చుక్కలు. బలికి ముగ్గులో నిలబెట్టిన కోడిలా ఉంది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. దుబాసీ అమ్మాయి కాగితం, కలం తెచ్చి కండక్టరమ్మ ముందు పెట్టింది. ఇక ముల్లు ఆగలేదు. నిన్న జరిగిందంతా కక్కేసింది.

చిట్టి నమ్మలేదు. "నెట్ సరిగా లేదేమో అక్కా. బొమ్మ మసగ్గా వచ్చుంటుంది."

"నా గడ్డం కింద కండ కనపడేంత బాగా వచ్చింది."

"ఏదో ధ్యాసలో ఉండుంటారు."

"ఏ ధ్యాసే? పెళ్లాం ఎవరో వదిన ఎవరో తెలియని ధ్యాస ఎక్కడుందే? ఇప్పుడు చెయ్యి ఆ మహానుభావుడికి. ఏమీ చెప్పకు. మొహం ముందు పెట్టు. ఈ గీతలేంటని ఒక్క మాట అడగనీ, కళ్లు మూసుకుని సంతకం పెడతా."

కోపంలో అంది గానీ, ఆయన అడగాలనే ఉంది ఆమెకు. అడిగితే తను ఓడిపోతుంది, ఓడినా ఫర్వాలేదు. చిట్టి ఫోను చేసింది. మొహానికి జానెడు దూరంలో పట్టుకుంది. మరిది బూట్లు వేసుకుంటూ ఎత్తాడు, ఫోనును దేనికో ఆనించాడు, చెప్పు అన్నాడు. చిట్టి చెప్పలేదు.

"ఏంటి, మాట్లాడవేం?"

"నన్ను చూడండి ఒకసారి."

ఆయన తలెత్తాడు. తెర వంక చూశాడు. చూడలేదని ఎవరూ అనలేరు.

"చూస్తున్నాగా. బాగున్నావు. ఫోటోలు పెట్టు, సాయంత్రం చూస్తా. ఆ మోటరు బాగుచేసేవాడి నంబరు ఎక్కడ రాశావు?"

"ఫ్రిజ్ పక్కన గోడ మీద" అని చెప్పి చిట్టి ఫోను కట్టేసింది.

కండక్టరమ్మకు గెలిచినట్టే లేదు. చిట్టి గీతల మొహంతో ఏడవకుండా కూచుంటే చూడలేకపోయింది. సంతకమే కదా, దానికి ఇష్టమైతే ముక్కు కాదు కొండనైనా కోయించుకోనీ అనుకుని కలం అందుకుంది. చిట్టి ఆ కలం అక్క వేళ్లలోంచి లాక్కుని, మూత పెట్టి దుబాసీ అమ్మాయి చేతిలో పెట్టింది.

డాక్టరుగారు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నారంది ఆ అమ్మాయి.

"తుడుచుకోమని చెప్పు" అంది చిట్టి.

వాళ్లు ఊరికే వదల్లేదు. భయం సహజమన్నారు, రేపు రమ్మన్నారు, కొత్త ముక్కు బొమ్మ కంప్యూటరులో మళ్లీ చూపిస్తామన్నారు. బొమ్మ బాగానే ఉంది, చూసేవాడు దొరికాక వస్తానంది చిట్టి. ఆ మాటకు అర్థమేమిటో దుబాసీకి తెలియలేదు. చిట్టికి కూడా తెలుసో లేదో. స్పిరిట్టు దూదితో ఎంత రుద్దినా గీతలు పోలేదు. రెండు మూడు రోజులకు వాటంతటవే పోతాయన్నారు.

హోటలుకు బస్సెక్కారు. చిట్టి కిటికీ పక్కన కూచుంది. ఇంటికెళ్లాక ఆయన్ని ఎదురుగా కూచోబెట్టుకుని మాట్లాడాలంది, ఏం మాట్లాడాలో ఇంకా తెలియదంది. బస్సంతా వీళ్ల వంకే చూస్తోంది. ముందు సీటు ముసలాయన మెడ తిప్పి మరీ చూశాడు. ఒళ్లో పాపను పెట్టుకున్న తల్లి చూసింది, పాప చూసింది. కండక్టరమ్మ చేతిరుమాలు తీసిచ్చి కప్పుకోమంది. చిట్టి తీసుకోలేదు. ఇక పట్టలేక అక్క లేచి నిలబడి, ఎప్పుడూ మనుషుల్ని చూళ్లేదా అని ఆ పరాయి బస్సులో సొంత బస్సు గొంతేసుకుని అరిచింది. ఎవరికీ ముక్క అర్థం కాలేదు.

చిట్టి ఆమె చెయ్యి పట్టి కూచోబెట్టింది.

"చూడనీ అక్కా" అంది.