నిచ్చెన కింద మనిషి

వానలు దిగే ముందు ఆ నెల రోజులూ వదినకీ మరిదికీ ఊపిరి సలపదు. చూరు అంచున వాన నీళ్లు పట్టే రేకు కాలవలు ఏడాది పొడుగునా ఎండుటాకులు మింగి కూర్చుంటాయి. వాటిని తవ్వితే ఆ మురికంతా కింది కిటికీల మీదే కారుతుంది. అందుకని ఇళ్లవాళ్లు రెండు పనులూ ఒకే రోజు చేయించుకుంటారు. మరిది నిచ్చెనెక్కి కాలవ తవ్వుతాడు, అది అయ్యాక వదిన అద్దాలు కడుగుతుంది. అతను గోడలు పాకే తీరు చూసి ఎవరు పెట్టారో గానీ, ఉడుత అన్న పేరు స్థిరపడిపోయింది. ఇంట్లో కూడా ఇప్పుడు అదే పిలుపు.

కిందటి ఏడు వరకూ నిచ్చెన కింద నిలబడింది ఆమె భర్త. నడుం పట్టేశాక ఆయన ఇంట్లో కూర్చుని పనుల కోసం వచ్చే ఫోన్లు చూసుకుంటున్నాడు. పని అప్పజెప్పిన రోజున భార్యకి చెప్పింది ఒకే ఒక్క మాట.

"వాడి కాలు మెట్టు మీదున్నంతసేపూ నీ చెయ్యి నిచ్చెన మీదుండాలి. ఆకాశం విరిగి పడ్డా సరే."

మూడు వారాలు ఆమె అలాగే నిలబడింది. నాలుగో వారం ఒక రోజు మూడు ఇళ్లు ఒప్పుకున్నారు. మొదటి ఇంట్లోనే మధ్యాహ్నమైంది. రెండో ఇంటికొచ్చేసరికి పడమట మబ్బు నల్లగా కమ్ముకుంటోంది.

అది మేడ ఇల్లు. చేతి గడియారాలు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఒక్కడే ఉంటున్నాడు. మనిషి మంచివాడే కానీ కన్ను మహా చెడ్డది. ఆవగింజంత మరక కనిపించినా, "అమ్మాయ్, ఇక్కడొకటి వదిలేశావు" అంటూ వేలు పెట్టి చూపిస్తాడు. ఆ వేలితో ఇంకో మరక పడుతుంది.

మరిది పైనుంచి మబ్బుకేసి చూసి, "వదినా, నువ్వు లోపలికి పో. లోపలి వైపు అద్దాలు మొదలెట్టెయ్. ఇలా ఒకరి తరవాత ఒకరం చేస్తే మూడో ఇల్లు ముట్టుకోలేం" అన్నాడు.

"మీ అన్నయ్య ఏం చెప్పారు?"

"అన్నయ్య ఇంట్లో చల్లగా కూర్చుని వంద చెప్తాడు. పదిహేనేళ్లనించీ ఎక్కుతున్నా, ఎప్పుడైనా జారానా? పో పో."

ఆమె నిచ్చెన కాళ్లకేసి చూసింది. ఒక కాలు సిమెంటు మీద ఉంది, రెండోది పూలమొక్కల పాదులో. నిచ్చెనని తాడుతో కిటికీ కమ్మీకో దేనికో కట్టమంది. అతను చెవిన వేసుకోలేదు. ఇంకా రెట్టిస్తే గొడవవుతుందనిపించింది. నిజం చెప్పాలంటే ఆమెకీ తొందరగానే ఉంది. బకెట్, స్పాంజి, అద్దం గీకే బ్లేడు పట్టుకుని మేడ మీదికి వెళ్లింది.

నిచ్చెన వేసిన వైపు, వెనక గదిలో, లోపలికి తెరుచుకునే రెండు తలుపుల కిటికీ ఉంది. ఊచలు లేవు. ఆమె స్పాంజి తడిపి అద్దానికి ఆనించిందో లేదో, పైన రేకు కిర్రుమంది. అద్దానికి అవతల నిచ్చెన కమ్మీ ఎడం నుంచి కుడికి జారిపోతూ కనిపించింది. కింద ధడేలున చప్పుడు. ఆ వెంటనే రెండు బూట్లు గాలిలో ఊగుతూ అద్దానికి తగిలాయి.



"వదినా!" అని పైనుంచి కేక. ఉడుత కాలవ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. బరువుకి కాలవని చూరుకి బిగించిన పట్టీ ఒకటి ఊడి, తుప్పు మేకు కిటికీ గట్టు మీద టంగుమని పడింది.

"వదలకు! వచ్చేశా, వదలకు!" అని అరుస్తూ కిటికీ గడియ తీసి లాగింది. తలుపు కదల్లేదు. రెండు చేతులతో లాగింది. రాలేదు. చట్రం చుట్టూ రంగు గట్టిగా పేరుకుని తలుపుని అతికించేసింది.

చప్పుడు విని పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. "అది తెరవం కదమ్మా, ఎనిమిదేళ్ల కిందట నేనే రంగు..." అంటూ అవతలి బూట్లు చూసి నోరు తెరిచేశాడు.

ఆమె బ్లేడు తీసి తలుపు సందులో గుచ్చి కిందికి కోసింది. రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. బ్లేడు రెండుసార్లు పక్కకి జారింది.

"ఇలా తే." పెద్దాయన బ్లేడు అందుకున్నాడు. మనిషి వణుకుతున్నాడు గానీ వేళ్లు మాత్రం వణకలేదు. పై నుంచి కింది దాకా ఒకే గీతగా కోసుకుంటూ వచ్చాడు. "పైన ఇంకో గడియుంది, రంగులో కలిసిపోయింది. కుర్చీ ఎక్కు. కొట్టు దాన్ని."

కుర్చీ ఎక్కి బకెట్ అంచుతో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. బయట రెండో పట్టీ ఊడింది. బూట్లు జానెడు కిందికి దిగాయి.

"వదినా, చేతులు కోసుకుపోతున్నాయి..." ఈసారి కేక కాదు, మూలుగు.

నాలుగో దెబ్బకి గడియ జారింది. ఇద్దరూ కలిసి లాగితే తలుపులు ఫెళ్లున తెరుచుకున్నాయి. గాలి, తడిమట్టి వాసన ఒక్కసారి లోపలికి కొట్టాయి. కాళ్లు గోడకి మూరెడు దూరంలో ఊగుతున్నాయి. ఆమె కిటికీ గట్టు మీద మోకాళ్లూని బయటికి వంగింది. పెద్దాయన వెనకనుంచి ఆమె నడుం రెండు చేతులా చుట్టేసి, మంచం కోడుకి కాలు తన్నిపెట్టి నిలబడ్డాడు.

ఒక మడమ అందింది. పట్టుకుని లాగి గట్టు మీద పెట్టింది. రెండోదీ పెట్టింది. అతని మోకాళ్లని గుండెకి హత్తుకుంది.

"ఒక చెయ్యి వదులు."

"నావల్ల కాదు."

"కాళ్లు నా దగ్గరున్నాయి. కుడి చెయ్యి వదిలి కిటికీ పై చట్రం పట్టుకో. నేను వదలను, నా మీద ఒట్టు. వదులు!"

క్షణం పాటు ఏమీ జరగలేదు. తరవాత కుడి చెయ్యి కిందికొచ్చి చట్రాన్ని పట్టుకుంది. ఎడం చెయ్యి వదలడం, మిగిలిన కాలవ ఊడి కుళ్లిన ఆకులతో సహా కిందికి జారడం ఒక్కసారే అయ్యాయి. ఆమె వెనక్కి పడింది. ఆమె మీద ఉడుత పడ్డాడు. ఇద్దరి కిందా పెద్దాయన.

బయట వాన మొదలైంది. పెద్దాయన తన ఎముకలన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకుని, "అన్నీ ఉన్నట్టే ఉన్నాయి" అని లేచి మంచినీళ్లు తెచ్చాడు.

ఉడుత గోడకి చేరగిలబడ్డాడు. అరచేతుల్లో రెండు ఎర్రటి గీతలు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అన్నయ్యకి చెప్పకు వదినా."

ఆమె అతని భుజం మీద ఒక్కటి వేసి, ఆ భుజం మీదే తల ఆనించి ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఏవండీ, నేను నిచ్చెన దగ్గర లేను. లోపలికొచ్చేశా. తను జారాడు."

అవతలి నుంచి భర్త గొంతు: "ఉన్నాడా?"

"ఉన్నాడు. అరచేతులు కోసుకుపోయాయి."

"నేనే పొమ్మన్నా అన్నయ్యా" అని ఉడుత పక్కనుంచి అరిచాడు. "వదిన తప్పేం లేదు."

"పొమ్మంటే నాకు బుద్ధుండొద్దూ?" అంది ఆమె.

భర్త తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "నీకేం దెబ్బ తగల్లేదు కదా?" అని మాత్రం అడిగాడు. మూడో ఇంటివాళ్లకి తను చెప్పుకుంటానన్నాడు. ఆ రోజు నుంచి రోజుకి ఒక్క ఇల్లే ఒప్పుకున్నాడు. ఆగలేని వాళ్లు వేరేవాళ్లని పిలుచుకున్నారు.

రెండు రోజులకి వాన తెరిపిచ్చింది. ఊడిన కాలవ రేకుల మేస్త్రీకి అప్పజెప్పారు. పెద్దాయన ఇంటి ముందు వైపు కాలవ తవ్వడం మిగిలిపోయింది. ఉడుత చేతులకి కట్లున్నాయి. ఎవరూ అడగకుండానే ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. జన్మలో ఎన్నడూ ఎక్కలేదు. ఆరో మెట్టు దగ్గర ఆగి రెండు చేతులా కమ్మీ కరుచుకుంది. చూరు అందాక ఆకుల్లో చెయ్యి పెట్టడానికి వేళ్లు విప్పుకోవడమే కష్టమైంది. కింద అతను అడుగు మెట్టు మీద కాలు తొక్కిపెట్టి, కమ్మీలకి రెండు మోచేతులూ చుట్టి నిలబడ్డాడు.

"ఉన్నావా?" అంది, కిందికి చూడకుండా.

"ఉన్నా వదినా."

మొదటి పిడికెడు ఆకులు తీసి బకెట్లో వేసింది. నాలుగు పిడికిళ్లు కాకముందే మళ్లీ అడిగింది. అతను విసుక్కోకుండా మళ్లీ చెప్పాడు.