పదకొండో నంబరు ముఖం

బస్రాలో పాత ఫుట్‌బాల్ సరుకు ఎవరింట్లో బయటపడ్డా చివరికి చేరేది ముఖ్లిస్ ముందుగదికే. చిరిగిన జెర్సీ కానీ, తుప్పు పట్టిన విజిల్ కానీ, ఎండి బిగుసుకుపోయిన తోలు బంతి కానీ, జనం సంచిలో వేసుకుని తెచ్చి ఇచ్చేవాళ్ళు. మనిషి బతుకుతెరువు ఎయిర్ కూలర్లు బాగుచేయడం. ప్రాణం మాత్రం సఫీనా క్లబ్బు. ఆ క్లబ్బు ఎత్తిపోయి ఎన్నేళ్ళయిందో! సగాన్ని యుద్ధం మింగింది, మిగతా సగాన్ని యుద్ధం తర్వాతి లూటీ మింగింది. ఆడిన మైదానంలో ఇప్పుడు ఇనుప గోడౌన్లున్నాయి. సఫీనా అంటూ ఏదైనా మిగిలిందంటే అది ఈ గది గోడల మీదే.

శుక్రవారం నమాజయ్యాక ఆ గది నిండిపోయేది. ముఖ్లిస్ భార్య ఇంతిసార్ ఎండునిమ్మ టీ పోసి తెస్తూ రుసరుసలాడేది.

"మా పెళ్ళి ఫొటో ఏ అటక మీదుందో ఈయనకి తెలీదు. ఎవడో గోల్‌కీపర్ తొడుక్కున్న కంపు గ్లవుజులు మాత్రం దిండు పక్కనే ఉండాలి. ఏం చేస్తాం, నా ఖర్మ!"

జనం నవ్వేవాళ్ళు. ముఖ్లిస్ కూడా నవ్వేసేవాడు. కొత్త వస్తువు ఏది దొరికినా దాన్ని ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేవాడు, ఊరంతా చూడాలని. జట్టు ఫొటో అయితే కింద పేర్లన్నీ రాసేవాడు, కుడి నుంచి ఎడమకి వరసగా. పేరు తెలియకపోతే ఊళ్ళు తిరిగి కనుక్కునేవాడు. ఒక్క మొహం కింద ఖాళీ ఉన్నా అతనికి పంటి కింద రాయి పడ్డట్టే ఉండేది.

ఆ జనంలో ఒక మూల, గుమ్మం పక్కన, ఫఖ్రియా కూర్చునేది. ఆమెకి ఫుట్‌బాల్‌తో పనిలేదు. ఆమె తమ్ముడు ఫాలిహ్ సఫీనాకి ఎడమ పక్క ఆడేవాడు, పదకొండో నంబరు. ఇరాన్‌తో యుద్ధం జరిగే రోజుల్లో సెలవు మీద ఇంటికొచ్చి, మళ్ళీ సరిహద్దుకి పోలేదు. పట్టుకున్నారు, కాల్చేశారు. ఆ తర్వాత ఇంటి మీదికొచ్చి వాడి ఫొటో అన్నది లేకుండా ఊడ్చుకుపోయారు. బడిలో దిగిన ఫొటో, గుర్తింపు కార్డు, తల్లి మంచం పక్కన గోడకున్నది, అన్నీ. ఇక జట్టు ఫొటో ఉన్నవాళ్ళంటారా, ఎవరూ చెప్పకుండానే ఎవరిది వాళ్ళే బ్లేడు తీసుకున్నారు. పారిపోయినవాడి మొహం ఇంట్లో ఉంటే ఏమవుతుందో తెలియని ఇల్లుందా ఆ రోజుల్లో?

దక్షిణాది కప్పు గెలిచిన రోజు తీసిన జట్టు ఫొటోలు ముఖ్లిస్ దగ్గర నాలుగున్నాయి. నాలుగింట్లోనూ పదకొండో నంబరు మెడ మీద తెల్లటి గీకుడే. ఒకదాన్ని సిగరెట్‌తో కాల్చారు కూడా. కొత్తగా ఒకటి దొరికినప్పుడల్లా ఫఖ్రియా ఆశగా చేతిలోకి తీసుకునేది, ఆ గీకుడు వేలితో తడిమి తిరిగిచ్చేసేది.

"ఆ గీకిన చేతులు పడిపోనూ," అనేది. ఎవరి చేతులో ఆమెకి తెలుసు. అందరూ తమ్ముడితో కలిసి ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళే.

ముఖ్లిస్ కూడా ఫాలిహ్ ముఖం ఎరగడు. చిన్నప్పుడు ఒక్కసారి, స్టాండ్‌లో ఎక్కడో పైన తండ్రి భుజాల మీద కూర్చుని, ఎడమగీత పట్టుకుని పరిగెత్తే పదకొండో నంబరు వీపుని చూశాడు, అంతే.

ఇప్పుడు ఫఖ్రియాకి కళ్ళు పోతున్నాయి. అదో పాడు జబ్బు. అంచులన్నీ కనిపిస్తాయట, ఎటు చూస్తే సరిగ్గా అక్కడే మసక. ఎదురుగా మనిషి నిలబడితే చెవులు కనిపిస్తాయి, భుజాలు కనిపిస్తాయి, మొహం ఉండదు. అందుకని కోడి చూసినట్టు తల పక్కకి తిప్పి చూసేది. ఆ పక్కచూపు కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు.

"నాయనా, అబూ రాఫిద్," అంది ఒకరోజు, ముఖ్లిస్‌ని కొడుకు పేరుతో పిలుస్తూ. "వాడి నడక గుర్తుంది. వాడి కేక గుర్తుంది. మొహం మాత్రం తలుచుకోబోతే జారిపోతోంది. ఈ కళ్ళు మూతపడేలోగా ఒక్కసారి చూపించు. ఇంకేం అడగను."

"మీ మాట నా కళ్ళ మీద పెట్టుకుంటాను పెద్దమ్మా," అన్నాడు ముఖ్లిస్, అందరూ అనే మాటే. కళ్ళు పోతున్న మనిషితో అన్నానే అని తర్వాత నాలిక్కరుచుకున్నాడు.

ఆ వేసవిలో ఖలఫ్ వచ్చాడు. సఫీనా పాత ఆటగాడు, చాలా ఏళ్ళుగా నాసిరియాలో కూతురి దగ్గరుంటున్నాడు. గెడ్డం మధ్యలో వేలు పట్టేంత నొక్కు, కలిసిపోయిన కనుబొమ్మలు, చచ్చినా తగ్గని నోరు. గదిలోకి రాగానే గోడలన్నీ కలియజూశాడు.

"ఏరా, చచ్చినవాళ్ళందరినీ తెచ్చి మేకులకి తగిలించావా? నాకూ ఓ మేకు ఖాళీ ఉంచు!"

"కెప్టెన్, మీరు ఎప్పుడో ఎక్కారు. అటు చూడండి," అన్నాడు ముఖ్లిస్, పాత ఆటగాళ్ళందరినీ పిలిచే పిలుపుతోనే.

అది ఆ గది మొత్తానికీ పెద్ద ఫొటో. క్లబ్బు సెక్రటరీ గదిలో వేలాడినది, లూటీ రోజుల్లో సంతలో దొరికింది. అందులో గీకుళ్ళేం లేవు. ఎడమ చివర పదకొండో నంబరు జెర్సీలో ఖలఫ్, ఆ నొక్కుతో సహా. అది కప్పు గెలిచిన మరుసటేడు, ఫాలిహ్ పోయాక తీసిన ఫొటో అని ముఖ్లిస్ నమ్మకం. అలాగే రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు కూడా.

ఖలఫ్ నవ్వబోయి ఆగిపోయాడు. దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు.

"దీన్ని ఇంకా ఉంచారా," అన్నాడు. "తల నాది. ఒళ్ళు నాది కాదురా. ఆ మోకాలి పట్టీ చూడు, ఫాలిహ్ గాడిది. ఇది కప్పు గెలిచిన రోజుదే, ఆ ఏడు నేను ఆడనే లేదు."

"మరి ఇదేంటి?"

"వాణ్ణి కాల్చేశాక సెక్రటరీ నన్ను స్టూడియోకి తీసుకెళ్ళి కుర్చీలో కూచోబెట్టాడు. తల కొంచెం ఎత్తు, సూర్యుడి వైపు చూస్తున్నట్టు పెట్టు అన్నారు. పెట్టాను. ఎందుకని అడిగే మగాడెవడు అప్పుడు? నా మొహం కత్తిరించి వాడి మెడ మీద అంటించారు. గీకితే గోడ మీద అసహ్యంగా ఉంటుందట, పెద్దవాళ్ళొచ్చే గది కదా!"

ముఖ్లిస్ ఫ్రేము దించి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశాడు. ఖలఫ్ దవడ చుట్టూ సన్నని అంచు కనిపించింది. వందల శుక్రవారాలు కళ్ళ ముందే ఉన్న అంచు! గీకలేదు, అంటించారు. అంటే కింద ఆ మొహం ఉంది. ఊరంతా వెతికిన మొహం తన గోడ మీదే, ఇంకొకడి మొహం వెనకాల దాక్కుని ఉంది.

"ఒరేయ్, తొందరపడకు," అన్నాడు ఖలఫ్. "మా బావమరిది ఆ స్టూడియోలోనే పనిచేసేవాడు. అది గోధుమపిండి జిగురు. చల్లటి నీళ్ళలో వేసి దాని మానాన దాన్ని వదిలెయ్. ఎన్నాళ్ళయినా సరే, అదే ఊడొస్తుంది. వేలు మాత్రం పెట్టకు."

ఆగస్టులో బస్రాలో చల్లటి నీళ్ళా! మిద్దె మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్ళతో టీ కాచుకోవచ్చు. ముఖ్లిస్ ఐసు గడ్డలు మోసుకొచ్చి, వెడల్పు పళ్ళెంలో ఫొటో పడుకోబెట్టి, కరిగినకొద్దీ ఐసు వేస్తూ కూర్చున్నాడు. కూలర్లు బాగుచేయమని వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేశాడు. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నట్టుంది అని ఇంతిసార్ గొణిగింది, కానీ ఐసు ఆమె కూడా మోసింది. బుధవారానికి గెడ్డం దగ్గర అంచు వెంట్రుకవాసి లేచింది.

అంతవరకూ బాగానే ఉంది. అక్కడే ముఖ్లిస్ పొరపాటు చేశాడు. ఆనందం పట్టలేక ఫఖ్రియాకి చెప్పేశాడు.

గురువారం పొద్దున్నే ఆమె వచ్చేసింది.

"నిన్న మనవణ్ణి ఎత్తుకుంటే పక్క నుంచి కూడా మొహం సరిగ్గా కనపడలేదు నాయనా. నాకు భయంగా ఉంది. రేపు శుక్రవారం కదా. రేపు చూపిస్తావా?"

"రేపే పెద్దమ్మా," అనేశాడు. నరం లేని నాలుక!

మధ్యాహ్నమైంది. అంచు అక్కడే ఆగిపోయింది. పళ్ళెం పక్కన కూర్చున్నవాడు లేచి, కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. పాత ఆల్బముల్లో అతుక్కుపోయిన టికెట్లన్నీ అతను అలాగే తీసేవాడు, కెటిల్ ముక్కు దగ్గర ఆవిరి పట్టి. ఒక్కటంటే ఒక్క టికెట్టు కూడా ఎప్పుడూ చిరగలేదు. ఆ పనిలో తనని మించినవాడు లేడని అతనికి గర్వం. కానీ టికెట్టు వేరు, ఫొటో వేరు. టికెట్టు వట్టి కాగితం. ఫొటో మీద బొమ్మ పల్చటి పొర, వేడి తగిలితే అదీ జిగురులాగే మెత్తబడుతుంది. ఆ సంగతి ముఖ్లిస్‌కి తెలుసు. తెలిసే చేశాడు, కొంచెమే కదా అని.

ఖలఫ్ ముక్క మెల్లగా లేచింది. దాని కింద నుంచి ఒక కుర్రవాడు చూశాడు. ఎండకి ఒక కన్ను సగం మూసుకుని, కింది పెదవి పంటితో నొక్కిపట్టి, నవ్వు ఆపుకుంటున్నట్టు. ముఖ్లిస్ ఇంకొంచెం అని వేలు పెట్టాడు. అంతే, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ఆ మొహం ముడుచుకుపోయి, పై ముక్కతో పాటే వచ్చేసింది. జెర్సీ కాలరు పైన తెల్లటి కాగితం మిగిలింది.

ఇంతిసార్ వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాడు. ఆమె పొయ్యి ఆర్పి, పక్కన కూర్చుంది.

శుక్రవారం ఫఖ్రియా అందరికంటే ముందొచ్చింది. ఉతికిన అబాయా వేసుకుంది. ఖర్జూరం పెట్టిన బిస్కట్లు పళ్ళెం నిండా చేసుకొచ్చింది. "మా వాడొచ్చే రోజు," అంటూ గుమ్మంలో ఎదురైన ఖలఫ్ చేతిలో రెండు పెట్టింది. ఆమె చెయ్యి చాపింది, ముఖ్లిస్ ఫొటో ఇచ్చాడు.

తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది.

"గోల్‌కీపర్ టోపీ కనిపిస్తోంది. కప్పు కనిపిస్తోంది. వాడి పట్టీ, ఇదిగో, నేను కుట్టిన పట్టీ..." అంది. తర్వాత ఆగింది. "వాడి దగ్గరికొచ్చేసరికి తెల్లగా ఉంది. అయిపోయింది నాయనా, నా కళ్ళు అయిపోయాయి. నువ్వు తెచ్చావు. నేనే ఆలస్యం చేశాను."

ఖలఫ్ ఆ తెల్లటి చోటు చూశాడు, ముఖ్లిస్ వైపు చూశాడు, తల దించుకున్నాడు. ఇంతిసార్ కళ్ళతోనే బతిమాలింది, ఊరుకో అని. ఊరుకుంటే సరిపోయేది. ఆ ముసలామె తన కళ్ళని తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేది. ముఖ్లిస్ ఊరుకోలేకపోయాడు.

"కళ్ళు కాదు పెద్దమ్మా. అక్కడ మొహం లేదు. నేనే పాడుచేశాను. ఇవాళే చూపించాలని ఆవిరి పట్టాను, ఊడిపోయింది."

ఫఖ్రియా వేలితో ఆ చోటు తడిమింది, నాలుగు ఫొటోల్లో తడిమినట్టే.

"భయంతో గీకినవాళ్ళని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను," అంది చివరికి. "నిన్నేమని తిట్టనురా?"

ముఖ్లిస్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేశాడు.

"చూశావా వాణ్ణి?" అంది.

"చూశాను. ఒక్క క్షణం."

"చెప్పు."

చెప్పాడు. మూసిన కన్ను, పంటి కింద పెదవి, ఆపుకున్న నవ్వు. పెదవి మాట రాగానే ఆమె అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"అవును! అమ్మ చేత తన్నులు తినేది దానికే. వాడే, మా వాడే!"

ఆ ఫొటోని ముఖ్లిస్ అలాగే ఫేస్‌బుక్‌లో పెట్టాడు. పేర్లన్నీ వరసగా రాసి, చివర ఇలా రాశాడు: ఫాలిహ్. ముఖం పాడుచేసినవాడు ముఖ్లిస్. కొందరు తిట్టారు, కొందరు ఓదార్చారు. ఏదీ అతని తలకెక్కలేదు.

ఆకురాలు కాలానికి ఫఖ్రియా చూపు పూర్తిగా పోయింది. అయినా కోడలి చెయ్యి పట్టుకుని శుక్రవారం శుక్రవారం వచ్చేది, అదే మూల కూర్చునేది. "చెప్పు నాయనా," అనేది. లోకంలో ఆ మొహాన్ని చివరిసారిగా చూసిన కళ్ళు అతనివే మరి. అతను చెప్పేవాడు. పెదవితో ఆమెకి తనివి తీరేది కాదు. ముక్కెలా ఉంది, నుదురెలా ఉంది అని అడిగేది. ముఖ్లిస్ కళ్ళు మూసుకుని వెతుక్కుని, ఒక్కోసారి ఒక్కోటి కలిపేవాడు. అబద్ధం చెప్పాలని కాదు పాపం, నిజంగా కనిపిస్తున్నట్టే ఉండేది.

చలికాలంలో ఒక శుక్రవారం, బయట వాన. ఖలఫ్ నాసిరియాకి వెళ్ళిపోయి చాలా రోజులైంది. ముఖ్లిస్ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"ఎండ పడి ఒక కన్ను మూసుకున్నాడు. పెదవి పంటి కింద ఉంది. కనుబొమ్మలు రెండూ ముక్కు మీద కలిసిపోయాయి. గెడ్డం మధ్యలో ఇంత నొక్కు..."

ఫఖ్రియా చెయ్యెత్తింది.

"నొక్కా?" అంది.

ముఖ్లిస్ కళ్ళు తెరిచాడు. ఏళ్ళ తరబడి గోడ మీద చూసిన మొహం ఏదో, ఒక్క క్షణం చూసిన మొహం ఏదో విడదీసుకోబోయాడు. విడిపోలేదు.

"అది ఖలఫ్ గెడ్డం నాయనా," అంది ఆమె. గొంతులో కోపమేమీ లేదు. కోడలి చెయ్యి కోసం గాలిలో తడుముకుంటూ లేచింది. "ఇంక చెప్పకు. నా దగ్గర మిగిలిన కాస్తా చెరిగిపోతుంది."

తలుపు దాకా ముఖ్లిస్ వెంట వెళ్ళాడు. ఆమె వానలోనే బయల్దేరింది. మళ్ళీ ఆ గదికి రాలేదు.