మూడో పీరియడ్

ఆసిడ్ సీసా పగిలినప్పుడు ల్యాబ్‌లో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. నీళ్ళు రాలేదు.

ల్యాబ్ అటెండరు రెండు చేతులతో మొహం కప్పుకుని గోడ వారగా జారిపోయాడు. కెమిస్ట్రీ మేడం అతని చేతులు బలవంతంగా విడదీసి, "నీళ్ళు! మీ బాటిళ్ళు తీసుకురండి, త్వరగా!" అని అరిచింది. పిల్లలు బ్యాగుల్లోంచి తాగే నీళ్ళు తెచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఆయన కళ్ళ మీద పోశారు. పొద్దున్నే ఇళ్ళల్లో అమ్మలు నింపి పంపిన నీళ్ళవి. వాటితో ఒక కన్ను దక్కింది. రెండోది పోయింది.

విచారణకి అధికారి వచ్చాడు. ఛైర్మన్ కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "ఎవరండీ ఇతను? మా హాజరు పట్టీలో ఎక్కడా లేడే! ఖాళీ సీసాలు కొనుక్కోవడానికి వచ్చిన బయటి మనిషి" అన్నాడు. మాట తడబడలేదు. అబద్ధం అతనికి మంచినీళ్ళ ప్రాయం. గదిలో లెక్చరర్లందరూ ఉన్నారు. అందరికీ ఆ అటెండరు చేతి టీ రుచి తెలుసు. అందరూ నేల చూపులు చూశారు.

కెమిస్ట్రీ మేడం లేచి నిలబడింది.

"నేను చేరిన రోజు నా చేతికి ల్యాబ్ తాళాలిచ్చింది ఈ అన్నే సార్. కుళాయి పాడైందని ప్రిన్సిపాల్ గారి గదిలో నేనూ అన్నా కలిసే చెప్పాం. ఈయన బయటి మనిషైతే నేనూ బయటి మనిషినే."

ఛైర్మన్ ఆ చివరి మాట గుర్తుపెట్టుకున్నాడు. వారం తిరక్కుండా ఆమెను కొండ అవతల ఉన్న తన రెండో కాలేజీకి బదిలీ చేశాడు. అక్కడ కామర్స్ తప్ప ఇంకేమీ చెప్పరు.

"ల్యాబ్ ఉందా అక్కడ?" అని భర్త అడిగాడు. ఆయన బస్సు కండక్టరు.

"లేదు. మేకలున్నాయట."

"మేకలకి కెమిస్ట్రీ చెప్పమన్నాడా! పోనీ, అవి కాపీ కొట్టవులే" అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు.

ఆమె కోర్టుకెక్కింది. బదిలీ మీద స్టే వచ్చింది. ఆ కాయితం పట్టుకుని కాలేజీకి వెళితే గేటు తెరవలేదు. "పైనుంచి ఆర్డరమ్మా, నా కడుపు కొట్టకండి" అని వాచ్‌మన్ దణ్ణం పెట్టాడు. స్టే ఇటు ఆమె చేతిలో ఉండగానే, బదిలీ అయిన చోట చేరలేదు గనక ఉద్యోగంలోంచి తీసేశామని అటు ఛైర్మన్ ఇంకో కాయితం పంపాడు. మొండితనానికి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని ఇక ఏ కాలేజీ గుమ్మం తొక్కనిస్తుంది? ఆమె చదువు కోసం తల్లి పది ఇళ్ళల్లో అంట్లు తోమింది. ఆమె మళ్ళీ కోర్టుకెక్కింది.

కాలేజీల్లో ఒక అలవాటుంది. ఎవరైనా రాలేకపోతే వాళ్ళ పీరియడ్‌ని తోటివాళ్ళు సర్దుతారు. జ్వరమొచ్చినా, ప్రసవమైనా, ఇంట్లో చావైనా అంతే. దానికి ఎవరూ ఎవరికీ థాంక్స్ కూడా చెప్పుకోరు. ఆమె గేటు బయట ఉండిపోయిన రోజు నుంచీ ఆమె మూడో పీరియడ్‌ని ఫిజిక్స్ మేడమూ లెక్కల మాస్టారూ పంచుకున్నారు. లెక్కల మాస్టారిని పిల్లలు గంట మాస్టారంటారు. గంట కొట్టినా పాఠం ఆపడు గనక ఆ పేరు. "నువ్వు కేసు చూసుకో అమ్మా, పిల్లల సంగతి మేం చూసుకుంటాం" అని వాళ్ళు మాటిచ్చారు. ఆమె కళ్ళు చెమర్చాయి.

వాయిదా రోజున వాళ్ళిద్దరూ సెలవు పెట్టి మరీ కోర్టుకొచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు.

ఛైర్మన్ లాయరు తీరుబడిగా లేచాడు. "అయ్యా, ఈమె లేకపోవడం వల్ల విద్యార్థులకు వీసమెత్తు నష్టం లేదు. ఈమె పీరియడ్లను తోటి లెక్చరర్లే ఇష్టపూర్తిగా తీసుకుంటున్నారు. పాఠం ఒక్క రోజు ఆగలేదు. అంటే ఏమిటి? ఈ పోస్టే అదనం."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఫిజిక్స్ మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు. గంట మాస్టారు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నాడు. తిరిగి పనిలోకి తీసుకోమని ఉత్తర్వు ఇవ్వకుండానే జడ్జి వాయిదా వేశాడు. మంచితనం కూడా యజమాని చేతిలో కొరడా అవుతుందని ఆ ముగ్గురికీ ఆ గదిలోనే తెలిసొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం గంట మాస్టారి ముందు గదిలో అందరూ కూడారు. కుర్చీలు చాలక లెక్చరర్లు చాప మీద కూర్చున్నారు. గుమ్మం దగ్గర పిల్లలు కిక్కిరిశారు.

"పాఠం ఆపితే పిల్లల నోట్లో మన్ను కొట్టినట్టు కాదా?" అన్నాడు గంట మాస్టారు.

"ఆపకపోతే ఈమె నోట్లో కొట్టినట్టేగా!" అన్నారెవరో.

"నాకిద్దరు పిల్లలు. రేపు నన్నూ తీసేస్తే?" అంది ఫిజిక్స్ మేడం.

గుమ్మంలోంచి ఒక పిల్ల ముందుకు తోసుకొచ్చింది. క్లాసులో ఆమెను గడుగ్గాయి అంటారు. "మాకు నష్టం లేదని కోర్టులో చెప్పారంట. మమ్మల్ని ఎవరడిగారు సార్? ఫిజిక్స్ మేడం కెమిస్ట్రీ చెప్తుంటే, ఆవిడ పుస్తకం చూసి చదువుతారు, మేం గోడ చూసి వింటాం!"

గదంతా గొల్లున నవ్వింది. ఫిజిక్స్ మేడం కూడా నవ్వేసి, అంతలోనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు కెమిస్ట్రీ మేడం నోరు విప్పింది. "నా మీద ప్రేమతోనే నా చోటు నింపారు. కానీ మీరు నింపినకొద్దీ నేను ఇంకా బయటికి పోతున్నాను. ఆ పీరియడ్‌ని ఖాళీగా వదిలెయ్యండి. ఆ ఖాళీ ఛైర్మన్‌కి కనపడాలి. పాఠం నేను గేటు బయట చెప్తాను. రేపు మీలో ఎవరిని తోసేసినా ఇదే చేద్దాం. ఎవరి చోటూ ఎవరం నింపొద్దు."

"నా వల్ల కాదు" అని ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు కూర్చున్నారు.

సోమవారం మూడో గంట కొట్టారు. ప్రిన్సిపాల్ పరుగున వచ్చి, "లోపలికెళ్ళండి మాస్టారూ" అన్నాడు. జీవితంలో ఏనాడూ క్లాసు ఎగ్గొట్టని మనిషి వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అది నా పీరియడ్ కాదండి. ఎవరిదో వాళ్ళని పిలిపించండి" అన్నాడు. పిల్లలు బిలబిలమంటూ గేటు దాటారు. ఈసారి వాచ్‌మన్ అటు తిరిగి నిలబడ్డాడు. మేడం ప్రహరీ గోడ మీద సుద్దముక్కతో పాఠం మొదలుపెట్టింది. గోడ ఛైర్మన్‌దే గానీ దాని బయటి మొహం వీధిది.

ఛైర్మన్ రాత్రికి రాత్రే ఆ గోడకు తారు పూయించాడు. నల్లటి గోడ మీద సుద్ద ఇంకా బాగా కనపడింది. వారం లోపల గంట మాస్టారికీ ఫిజిక్స్ మేడంకీ మేకల కాలేజీకి బదిలీ ఆర్డర్లు వచ్చాయి. మర్నాటి నుంచి వాళ్ళ పీరియడ్లు కూడా ఖాళీ అయ్యాయి.

మళ్ళీ వాయిదా వచ్చింది. ఛైర్మన్ లాయరు అదే పాట ఎత్తుకున్నాడు. "అయ్యా, ఈ క్షణాన కూడా ఆ మూడో పీరియడ్ సజావుగా జరుగుతోంది. ఏర్పాట్లన్నీ చేశాం."

వెనక బల్లల మీద నీలం యూనిఫాంలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

జడ్జి కళ్ళజోడు మీదుగా చూశాడు. "ఎవరు మీరు?"

"ఆ మూడో పీరియడ్ మేమే సార్" అంది గడుగ్గాయి.

మేడం తరఫు లాయరమ్మ పెదవి కొరుక్కుంది నవ్వాపుకోలేక. జడ్జి నవ్వలేదు. ఇది కోర్టా, సంతా అని గద్దించి, అందరినీ బయటికి పంపించి, కేసు మళ్ళీ వాయిదా వేశాడు. న్యాయం ఆ రోజూ లేచి నిలబడలేదు. లేచి నిలబడింది పిల్లలే.

బయట పోలీసులు సిద్ధంగా ఉన్నారు. పిల్లలు నినాదాలిచ్చారు. లాఠీలు లేచాయి. గంట మాస్టారి నుదురు చిట్లి చొక్కా తడిసింది. మేడం జుట్టు పట్టి వ్యానెక్కించారు. ఆమె వెనకే ఫిజిక్స్ మేడం, మాస్టారు, దొరికిన పిల్లలు దొరికినట్టు.

వ్యాను తలుపు మూశారు. లోపల చీకటి, చెమట వాసన. ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు. ఎవరెవరు దొరికారో, ఎవరికి దెబ్బలు తగిలాయో తెలియడం లేదు. ఆమెకు ఇంకేం చెయ్యాలో తోచలేదు. రోజూ క్లాసులో చేసేదే చేసింది.

"రోల్ నంబర్ ఒకటి?"

జవాబు లేదు.

"రెండు?"

"ప్రెజెంట్ మేడం." ఏడుస్తున్న పిల్లాడే.

"మూడు?"

"ప్రెజెంట్." గడుగ్గాయి గొంతు. "చెయ్యి వాచింది. పర్లేదు."

ఒక్కో నంబరూ చీకట్లోంచి పలికింది. పలకని నంబర్లను ఆమె మనసులో దాచుకుంది. చివరి నంబరు అయిపోయింది. అప్పుడు తలుపు దగ్గరి మూల నుంచి మెల్లగా ఒక దగ్గు వినిపించింది.

"మేడం, నాకు నంబరు లేదు. నన్నూ పిలవండి."

ల్యాబ్ అన్న. ఒంటి కన్నుతో దారి వెతుక్కుంటూ వచ్చి, ఎవరూ పట్టుకోకుండానే వ్యానెక్కాడు.

ఆమె ఏడుపు దాచుకోలేదు. ఏడుస్తూనే, బయట కాపలా ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా పిలిచింది.

"ల్యాబ్ అటెండర్!"

"ప్రెజెంట్ మేడం" అన్నాడాయన.