తువ్వాలు పరిచిన కుర్చీ

సాయంత్రం అయిదు కాగానే వేణుమాధవ్ సారు మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బరీద్‌షాహి పార్కుకు బయల్దేరతాడు. ఆయన వెనక పదడుగుల దూరంలో ఆయన కుర్చీ బయల్దేరుతుంది. చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆటోలను ఆపుతాడు. సారు దాటతాడు, ఆ వెనకే టక్కు టక్కుమంటూ కుర్చీ దాటుతుంది. పోలీసు చెయ్యి దించుతాడు.

సారు ఏ ఆఫీసులో పనిచేశాడని అడక్కండి, ఆ పేరెత్తడానికే నాకు రోత. బీదరులో ఒక ఆఫీసు. ముప్పై రెండేళ్ళ తర్వాత అక్కడ రిటైరయ్యాడు. శాలువా కప్పారు, దండ వేశారు, నలుగురు లేచి అబద్ధాలు చెప్పారు. దండతోనే మెట్లు దిగుతుంటే వెనక చప్పుడైంది. ఇన్నేళ్ళూ ఆయన కూర్చున్న కుర్చీ, బెత్తంతో అల్లిన టేకు కుర్చీ, వీపున పరిచిన తెల్ల తువ్వాలుతో సహా మెట్లు దిగి వస్తోంది. ప్యూను పక్కకు జరిగి దానికి దారిచ్చాడు.

ఇంటికొచ్చాక సారు భార్య విద్య ఒక్క మాట చెప్పింది.

"ఆ కుర్చి అరుగు మీదనే ఉండాలె. ఇంట్లకు తెస్తె ఊకోను."

తువ్వాలు ఉతకమంటే ముట్టనన్నది. ఆఫీసులో అది ప్యూను పని, అదీ పండక్కోసారి. సారుకు బట్టలు ఉతికే అలవాటు పుట్టినప్పటినించీ లేదు. అట్లా రెండేళ్ళు గడిచాయి. తువ్వాలు ఎప్పుడూ వీపు వెనకే ఉండేది కనుక ఆయన కంట పడలేదు.

ఆయనకు మనుషులంటే అసహ్యం. ఊళ్ళనించి వచ్చినవాళ్ళు నడుముకు చెక్కుకున్న కాగితాలు తీసిస్తే, రెండు గోళ్ళతో అంచు పట్టుకుని బల్ల చివరన పడేసేవాడు. ముక్కు చిట్లించి "నాళె బా" అనేవాడు. రేపు రమ్మని కన్నడంలో. తెలుగువాళ్ళకూ మరాఠీవాళ్ళకూ వేరే కన్నడం రాకపోయినా ఆ రెండు మాటలు మాత్రం బాగా తెలుసు. వాళ్ళు గుమ్మం దాటకముందే లేచిపోయి సబ్బుతో చేతులు కడుక్కునేవాడు.

నౌకరీలో ఉన్నన్నాళ్ళు ఛీ అనడానికి రోజూ మనుషులు వచ్చేవారు. రిటైరయ్యాక పొద్దున్నించి పడుకునేదాకా ఒక్కరు పలకరిస్తే ఒట్టు. విద్యకు భజన మండలి ఉంది, వాడకట్టు నిండా స్నేహితులున్నారు. వచ్చే వారం వాళ్ళతో కలిసి పండరిపురానికి నడిచిపోతోంది.

"ఇరవై దినాలు ఎవలతోని మాట్లాడుతరు మీరు?" అని ఆ పొద్దున అడిగింది. "గోడతోనా?"

ఫోనొస్తే చాలు, సారు గొంతు పెగలడానికి ఈ మధ్య రెండు దగ్గులు కావలసి వస్తోంది. ఇట్లాగే ఉంటే మాట్లాడటమే మరచిపోతానేమోనని ఆయనకు లోపల నిజంగా భయం పట్టుకుంది. రోజూ పార్కుకు పోయేది అందుకే.

పార్కులో వేపచెట్టు కింద కొందరు ముసలివాళ్ళు జంపఖానా పరుచుకుని కూర్చుంటారు. వాళ్ళలో పెద్దవాడు రాచయ్య, బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు. పేపరు మీద అటుకుల చుడువ పోసుకుని అందరూ అందులోనే చేతులు పెట్టి తింటారు. సారు కుర్చీలో కూర్చుంటే వాళ్ళ తలలు ఆయన మోకాళ్ళ దాకా వస్తాయి. మెడలు ఎత్తి ఎవరు మాట్లాడతారు?

"కిందికి రాండ్రి సారూ, జాగ ఉన్నది," అన్నాడు రాచయ్య ఆ రోజు కూడా.

సారు చుడువలో కలబెడుతున్న చేతుల్ని చూసి ముక్కు మూసుకున్నాడు. మురిగిన నూనె వాసన ఏదో గుప్పుమంటోంది. వీళ్ళదే అనుకుని లేచి నల్లా దగ్గరికి పోయాడు. కుర్చీ వెంట వచ్చింది. అక్కడా అదే వాసన. టీ హోటల్లోనూ అంతే, గుడి ముందూ అంతే. బీదరు మొత్తం కంపు కొడుతోందని నిన్ననే విద్యతో అన్నాడు. ఆమె అరుగు వైపు ఒకసారి చూసింది.

నల్లా దగ్గరినించి గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అక్కడ కమఠాణ ఊరి కొమురమ్మ జామకాయలు అమ్ముతుంది. బుట్ట గోడ మీద పెట్టి నిలబడే అమ్ముతుంది. మోకాళ్ళు పోయాయి, కింద కూర్చుంటే మళ్ళీ లేవలేదు.

"దూరం జరుగమ్మా, వాసనొస్తుంది," అన్నాడు సారు.

కొమురమ్మ జరగలేదు.

"వాసన నా తాన లేదు సారు. నీ తువ్వాలది. నాలుగేండ్లు నీ బల్ల ముంగట నిలబడి గదే వాసన పీల్చిన. నాకెరుక లేదా?"

సారు కోపంగా లేచి వెనక్కి తిరిగాడు. రెండేళ్ళ తర్వాత తువ్వాలును చూశాడు. దాంట్లో తెలుపన్నది ఎక్కడా లేదు. తల ఆనిన చోట జిడ్డు గుండ్రంగా అట్టకట్టింది. చుట్టూ పచ్చటి చెమట మరకలు, అంటుకున్న వెంట్రుకలు, ఒక మూల చీమలు. వంగి వాసన చూశాడు, డోకొచ్చింది. చుడువ దగ్గర, హోటల్లో, ఆఫీసులో ఊరివాళ్ళ కాగితాల దగ్గర, ఇన్నాళ్ళూ ముక్కు మూసుకున్నది దీనికే. ఛీ అనబోయాడు గానీ ఎవరిని అనాలో తెలియలేదు. తన ఒళ్ళు తనకే రోత పుట్టింది.

ఆయన లేచాడు కదా, కుర్చీ కదిలింది. ఆయన వైపు రాలేదు. గోడ పక్కగా టక్కు టక్కుమని నడిచి, కొమురమ్మ వెనక్కి పోయి, ఆమె కాళ్ళకు మెల్లగా తగిలింది. ఆమె తువ్వాలు లాగి అవతల పడేసి కూర్చుంది.

"ఎత్తుగ ఉన్నది," అన్నది వీపు ఆనించి. "లేవొస్తది."

రాచయ్యవాళ్ళు చూశారు. చూసి మళ్ళీ చుడువలో పడ్డారు.

ఇప్పుడు సారు నిలబడ్డాడు, ఆమె కూర్చుంది. అట్లా చూస్తే గానీ ఆయనకు ఆమె మొహం గుర్తుకు రాలేదు. మొగుడు పోయాక వచ్చే పింఛను కోసం తిరిగిన మనిషి.

"పించను వచ్చిందా?" అని అడిగాడు.

"యాడికెళ్ళి వస్తది? నీ జాగల కూసున్న కొత్త సారు గూడ నాళె బా అనుడే."

నడుము దగ్గరినించి ప్లాస్టిక్ కవరు తీసిచ్చింది. చెమటకు మెత్తబడ్డ కాగితాలు. అలవాటుకొద్దీ సారు రెండు గోళ్ళూ ముందుకు పోయాయి. జిడ్డు కంపు ఇంకా ముక్కులోనే ఉంది. గోళ్ళు వెనక్కి తీసుకుని అరచెయ్యి చాపాడు. మడత విప్పాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా విప్పని మడత అది. మరణ పత్రం ఉంది, రేషను కార్డు నకలు ఉంది, ముద్రలూ సంతకాలూ అన్నీ ఉన్నాయి. మొదటి రోజే అయిపోవలసిన పని.

"ఏం తక్కువున్నది సారు?"

"ఏం తక్కువ లేదమ్మా," అన్నాడు. "నేను సదువలే."

ఆమె తిడితే బాగుండుననిపించింది. కొమురమ్మ తిట్టలేదు.

"గిప్పుడు సదివినవు గద. పోయి గాళ్ళకు చెప్పు."

మర్నాడు పొద్దున్నే సారు కొమురమ్మ కాగితాలు పట్టుకుని ఆఫీసు ముందు లైనులో నిలబడ్డాడు. వెనక కుర్చీ లేదు, అది కొమురమ్మతోనే ఉండిపోయింది. లైను వరండా దిగి రోడ్డు దాకా ఉంది. వెనక నిలబడ్డ, భాల్కినించి వచ్చిన రైతు బీడీ వాసనతో భుజానికి భుజం ఆనించి అడిగాడు.

"అన్నా, ఏ ఊరు మీది?"

గొంతు పెగలడానికి రెండు దగ్గులు కావలసి వచ్చాయి. ఆ తర్వాత ఆయన ఆగలేదు. ఊరు చెప్పాడు, విద్య పండరిపురం పోతున్న సంగతి చెప్పాడు, చివరికి తువ్వాలు సంగతి కూడా చెప్పాడు.

"నా బనీను గూడ గంతనే అన్నా," అన్నాడు భాల్కి మనిషి. వేణుమాధవ్ సారు పకపకా నవ్వాడు.

మధ్యాహ్నానికి బల్ల ముందుకు వచ్చాడు. కొత్త సారు కుర్రవాడు, వేరే ఊరినించి వచ్చినవాడు, ఈయన్ను ఎరగడు. వీపు వెనక కొత్త తెల్ల తువ్వాలు. రెండు గోళ్ళతో కాగితాల అంచు పట్టుకుని బల్ల చివరన పడేశాడు.

"నాళె బా."

ఆ గోళ్ళను చూస్తే సారుకు మళ్ళీ డోకొచ్చినంత పనైంది. అవి అచ్చం తనవే.

"విప్పి సదువుండ్రి సారు," అన్నాడు. "అందాక నిలబడుత."

"సదువనీ అన్నా, మాకేం తొందర లేదు," అన్నాడు వెనకనించి భాల్కి మనిషి.

కొత్త సారు ఏదో అనబోయాడు. అంతలో ఆయన కింద టక్కుమంది. కుర్చీ ముందు కాలు ఒకటి జానెడు పక్కకు జరిగింది. ఆయన రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు. తర్వాత కాగితాలు దగ్గరికి లాక్కుని మడత విప్పాడు.